ఒకే సర్వరులో పళ్లూ పావురమూ

పళ్ల డాక్టరమ్మ క్లినిక్కు పైగదిలో ఆమె మొగుడూ తమ్ముడూ కలిసి వ్యాపారం పెట్టారు. పెద్ద కంప్యూటరు కొని, దాన్ని లోపల్లోపలే చిన్న చిన్న కంప్యూటర్లుగా పంచి, వెబ్‌సైట్లు నడుపుకునేవాళ్లకు అద్దెకివ్వడం ఆ వ్యాపారం. అద్దెకు దిగినవాడికి యంత్రమంతా తనదే అన్న భ్రమ కలగాలి. ఆ భ్రమ కల్పించే సాఫ్ట్‌వేరు ఏది పెట్టాలన్న దగ్గరే బావకూ బావమరిదికీ చెడింది.

బావ అంతకుముందు టూరిస్టు బస్సులు తిప్పేవాడు. ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా ఇంకొకరికి చోటుంటుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఆయనకు కంటైనర్ల పద్ధతి నచ్చింది. అందులో అద్దెవాళ్లకు పైన అరలు వేరైనా, అడుగున నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ అందరికీ ఒక్కటే. తేలిక, చవక, ఎంతమందినైనా సర్దెయ్యొచ్చు. బావమరిదికి పూర్తి వర్చువల్ మెషీన్ల పద్ధతి కావాలి. అందులో ఎవరి సిస్టమ్ వాళ్లది, ఎవరి మెమరీ వాళ్లది. బరువెక్కువ, కొద్దిమందే పడతారు. కానీ ఒకరి గోల ఇంకొకరికి వినపడదు.

“నీ లెక్కన టికెట్టు కొన్న ప్రతివాడికీ ఒక బస్సు ఇవ్వాలిరా,” అన్నాడు బావ.

“నీ లెక్కన డ్రైవరు ఒళ్లో కూడా ఒకణ్ణి కూర్చోబెట్టాలి బావా.”

బస్సుల మీద మాట పడేసరికి బావ మొహం మాడ్చుకున్నాడు. ఆ రోజునుంచి మాటల్లేవు. ఒకే గదిలో వీపు వీపు ఆనించినట్టు కూర్చుని, చెప్పుకోవలసినవన్నీ కింద ఉన్న డాక్టరమ్మకు ఫోన్లో చెప్పుకునేవాళ్లు. ఆమె ఒక చేత్తో పేషెంటు దవడ పట్టుకుని, రెండో చేత్తో ఫోను అందుకుని, “మీ బావ ఫ్యాను తగ్గించమంటున్నారు,” అని తమ్ముడికి కబురందించేది. ఇలా కొన్నాళ్లు చూసి ఆమెకు విసుగొచ్చింది.

“పైన రెండు మెషీన్లున్నాయిగా,” అంది భోజనాల దగ్గర. “చెరొకదాంట్లో చెరొక పద్ధతి పెట్టుకోండి. నా క్లినిక్కునే అద్దెవాళ్లనుకోండి. ఎక్కడ బాగా నడిస్తే అదే మన సాఫ్ట్‌వేరు. ఇంక నా ఫోను మోగకూడదు.”

బొమ్మా బొరుసూ వేస్తే మొదటి వంతు బావకు పడింది. క్లినిక్కు ఎక్స్‌రేలూ, అపాయింట్‌మెంట్లూ అన్నీ ఆయన కంటైనర్లోకి ఎక్కాయి. చక్కగా నడిచాయి కూడా. బావ కాలు మీద కాలేసుకుని ఈలపాట మొదలుపెట్టాడు. బావమరిదికి ఆ ఈల ఫ్యానుకంటే ఎక్కువ చికాకుగా ఉండేది.

బావ తండ్రి రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పైగది కిటికీ బయట, ఏసీ పెట్టె వెనకాల, ఒక పావురం రెండు గుడ్లు పెట్టిందని ముందు కనిపెట్టింది ఆయనే. వెంటనే వెళ్లి ఒక కెమెరా కొనుక్కొచ్చి కిటికీకి బిగించాడు.

“దీన్ని మీ కంప్యూటర్లోకెక్కించరా. మా డ్రైవర్లూ గార్డులూ అంతా ఇంట్లో ఖాళీగా కూర్చున్నారు. చూసుకుంటారు.”

బావ కాదనలేదు. క్లినిక్కు ఉన్న మెషీన్లోనే తండ్రికీ ఒక చోటు సర్దాడు.

కాసేపటికి డాక్టరమ్మ ఫోను మోగింది. “అక్కా, మావయ్యగారు ఎంత మెమరీ వాడొచ్చో హద్దు పెట్టమని బావకి చెప్పు,” అన్నాడు తమ్ముడు.

ఆమె చెప్పింది. “మా నాన్నకు నేను హద్దులు పెట్టడమేంటి? రేపు అన్నానికి కూడా కొలతలు పెట్టమంటాడు,” అన్నాడు బావ. ఆ మాట వెనక్కి చేరవేసే ఓపిక ఆమెకు లేకపోయింది.

గుడ్ల సంగతి రైల్వే పెన్షనర్ల మధ్య మనం అనుకోనంత దూరం పాకింది. ఉద్యోగంలో ఉండగా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు కూడా పొద్దున లేస్తూనే పావురం ముందు హాజరు. వీడియో కింద రాసుకునే మాటలన్నీ పాత రైలు భాషే. మొదటి గుడ్డు స్టేషను బయటి ఔటరు సిగ్నలు దాటిందని ఒకాయన రాస్తే, సిగ్నలివ్వకుండా ఎలా దాటుతుందని ఇంకొకాయన తగువు పెట్టుకున్నాడు. పెద్దాయన కుర్చీ కిటికీ పక్కకు లాక్కుని తీర్పులు చెబుతూ కూర్చునేవాడు.

మొదటి గుడ్డు చిట్లిన పూట ఎక్కడెక్కడి రైల్వేవాళ్లూ కుటుంబాలతో సహా వచ్చిపడ్డారు. ఆ వీడియో అందరికీ పంపలేక మెషీను రొప్పింది. ఉన్న మెమరీ అంతా పావురం కిందికి పోయింది. కింద డాక్టరమ్మ అప్పుడే ఒక లెక్కల మాస్టారి దవడకు మత్తుసూది వేసి, ఎక్స్‌రే కోసం తెర వైపు తిరిగింది. తెర మీద గుండ్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. పక్కపక్కనున్న పళ్లలో పీకవలసింది ఏదో చెప్పేది ఆ ఎక్స్‌రే ఒక్కటే.

ఆమె గ్లవుజులూ మాస్కూ తియ్యకుండానే మెట్లెక్కింది. వెనకాలే నోట్లో దూదితో మాస్టారు.

“నా ఎక్స్‌రే ఏదండీ?” అని మొగుణ్ణి అడిగింది.

బావ కీబోర్డు మీదికి వంగాడు. పెద్దాయన మాత్రం కిటికీ దగ్గర్నుంచి, “నెమ్మదిగా మాట్లాడమ్మా, తల్లి బెదురుతుంది,” అన్నాడు.

“ఫిల్ల ఫుట్టిందా?” అన్నాడు మాస్టారు, పెదాలు స్వాధీనంలో లేక. అంటూనే వెళ్లి పెద్దాయన పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు. మత్తు దిగిపోయేదాకా కదల్లేదు. రెండోసారి సూది వేయించుకోవలసి వచ్చినా ఆయనకేం బాధలేదు.

డాక్టరమ్మ తమ్ముడి వైపు తిరిగి, “రెండూ నీ దాంట్లోకి మార్చు. ఇవాళే,” అని దిగిపోయింది.

సాయంత్రానికల్లా మార్చేశాడు. క్లినిక్కుకు ఒక వర్చువల్ మెషీను, పావురానికి ఒకటి. దేని వాటా దానికి కొలిచి ఇచ్చాడు. బావ పక్కనే నిలబడి చూశాడు కానీ ఈల వెయ్యలేదు.

రెండో గుడ్డు ఆలస్యంగా నడుస్తోందని పెన్షనర్లు రాసుకున్నారు. మర్నాడు పొద్దున్న, పెంకు మీద గీత కనబడగానే మళ్లీ జనం విరుచుకుపడ్డారు. పావురం మెషీను ఊపిరాడక చచ్చిపోయింది. కింద మాత్రం ఎక్స్‌రేలు అద్దంలా కనబడుతున్నాయి. బావమరిది తన జీవితంలో అంత ఆనందపడిన పొద్దు లేదు.

“మావయ్యగారూ, మీది ఒక్కటే పడిపోయిందండీ. ఇంకెవరికీ ఏమీ కాలేదు,” అన్నాడు, బహుమతి అందిస్తున్నవాడిలా.

పెద్దాయన ఆ మాటను బహుమతిగా పుచ్చుకోలేదు. “అంటే మావాళ్లందరూ చూడకుండా అది పుట్టేస్తుందన్నమాట,” అన్నాడు. ఆయన గొంతు విని బావమరిది మొహంలో వెలుగు ఆరిపోయింది.

పెద్దాయన ఇక మెషీన్ల కోసం ఆగలేదు. ఫోనందుకుని తెలిసినవాళ్లందరినీ ఒకేసారి లైన్లోకి తీసుకుని, కిటికీలోంచి చూస్తూ నోటితోనే చెప్పడం మొదలుపెట్టాడు. ముక్కు బయటికొచ్చిందన్నాడు. తల్లి పక్కకు జరిగిందన్నాడు. మధ్యలో మంచినీళ్లు తాగి మళ్లీ చెప్పాడు. అవతల అంతమంది ముసలివాళ్లు చప్పుడు చెయ్యకుండా విన్నారు. పిల్ల పూర్తిగా బయటపడిందనగానే ఒకాయన ఫోన్లోనే విజిలేశాడు.

బావ వెళ్లి బావమరిది కుర్చీ పక్కన నిలబడ్డాడు. “ఆ ఒక్క దానికీ ఇంకాస్త మెమరీ ఇవ్వగలవా? పక్కదాన్ని ముట్టుకోకుండా?”

“ఇవ్వగలను బావా.”

“అయితే నీదే పెడదాం.”

చాన్నాళ్లకు ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నది అదే. తర్వాత కలిసి టీ తాగడానికి వెళ్లారు, ఎవరు ముందు లేచారో ఇద్దరికీ గుర్తులేదు.

ఆ వారంలోనే బయటినుంచి మొదటి ఫోనొచ్చింది. పూల దుకాణం నడిపే ఆవిడ. బావ స్పీకరు పెట్టకుండానే గదంతా వినబడేట్టు మాట్లాడాడు. “మా దగ్గర ఎవరి సిస్టమ్ వాళ్లదేనండీ. మధ్యలో గోడలుంటాయి. ఒకరి గోల ఇంకొకరికి వినపడదు.”

బావమరిది కుర్చీ వెనక్కి తిప్పాడు. “అవి నా మాటలు బావా.”

బావ ఫోను చేత్తో మూశాడు. “నీవేరా. నువ్వు చెప్పినప్పుడు నేనే కొనలేదు, ఆవిడ కొంటుందా?” అని, మళ్లీ విని, గొంతు తగ్గించాడు. “గోడలు సరే, విండోస్ కూడా పెట్టుకోవచ్చా అంటోంది.”

“పెట్టుకోవచ్చని చెప్పు. నీ పద్ధతిలో అయితే అడుగున అందరికీ ఒకే సిస్టమ్, కుదిరేది కాదు.”

బావ గొంతు సవరించుకుని ఫోను చెవికి ఆనించాడు. “నిక్షేపంలా పెట్టుకోవచ్చండీ. మొదట్నుంచీ నా పట్టుదలే అది.”