ఓస్తోయా మొదటి గంప

సుల్తాను మనుషులు పోయి వియన్నా చక్రవర్తి మనుషులు మా లోయకు వచ్చిన ఏడో ఏట భూములు కొలిచారు. కొత్త దొరలు పాత చట్టాన్ని పీకి పారేశారని ఇప్పటి కుర్రాళ్ళు అనుకుంటారు. అదేం లేదు. భూమి ఉన్న బేగు బేగే, దున్నే పాలికాపు పాలికాపే, పంటలో మూడో వంతు బేగు ఇంటికి పోవడం పోవడమే. ఉన్నదున్నట్టు పుస్తకంలోకి ఎక్కించారు, అంతే. పుస్తకంలో పడ్డ మాట ఇక కదలదని మాకు అప్పటికి తెలియదు.

అంతకుముందు నేను ఖాజీ కోర్టులో రాయసగాణ్ణి. చిన్నప్పుడు సావా నది రేవులో వర్తకుల దగ్గర ఒంటబట్టిన జర్మను భాష ఉన్నట్టుండి నాకు కూడు పెట్టింది. భూముల కమిషన్‌లో దుబాసీ ఉద్యోగం వచ్చింది. నెత్తిన ఫెజ్ టోపీ పాతదే గాని, కోటు మాత్రం కొత్తది. ఆ కోటు వేసుకున్నాక నా నడకే మారిపోయిందని మా ఆవిడ దెప్పేది. నిజమే అయ్యుండాలి.

ఊరి పిండిమిల్లుకు ఎగువన ఓస్తోయాకు ఆల్బకరా తోట ఉండేది, నలభై చెట్లు. కొండవాలంతా దెర్విష్ బేగుదైతే అదొక్కటే ఓస్తోయాది. బేగు భార్య ఉమిహానా పురుడు పోసుకుని మంచం పట్టిన చలికాలంలో, పసివాడు రిఫాత్‌కు ఓస్తోయా భార్య తన పాలిచ్చి బతికించింది. మంచు కరగగానే బేగు ఇద్దరు సాక్షులను పిలిచి, "ఈ తోట నీది. నా పిల్లలకు ఇందులో పూచికపుల్ల కూడా లేదు" అన్నాడు. కాగితం రాయలేదు. మా ఖాజీ దగ్గర నోటి సాక్ష్యానికే విలువ, పైగా పెద్దమనిషిని కాగితం అడగడమంటే అనుమానించడమే. ఆ సాక్షుల్లో ఒకరు మసీదు ఇమాము, రెండోవాడు మా నాన్న. ఇద్దరూ పోయారు. బేగూ పోయాడు.

ముప్పై ఏళ్ళుగా ఓస్తోయా ఒక పని మానలేదు. తోటలో కోసిన మొదటి గంప మీద ఆకులు పరిచి బేగు ఇంటికి మోసుకెళ్ళేవాడు. ఉమిహానా తలుపు చాటునుంచి అందుకునేది, గంప ఎప్పుడూ ఖాళీగా తిప్పి పంపేది కాదు. గుప్పెడు కాఫీ గింజలో, పటికబెల్లమో, ఒక ఏడైతే కుట్టుపని చేసిన చేతిరుమాలో అందులో పెట్టేది. ఇరుగుపొరుగు మర్యాద అది, లోయలో తెలియనివాళ్ళు లేరు.

బేగు ఇంటి ఎదుట పచ్చికలో గుడారం వేసి కమిషనరు కూర్చున్నాడు. చక్రవర్తి దేశంలోని గ్రాట్స్ పట్నం నుంచి వచ్చిన కుర్ర దొర, చెడ్డవాడు కాడు. కొండవాలంతా మాదేనని రిఫాత్ బేగు చెప్పాడు. తోట నాదని ఓస్తోయా అన్నాడు.

"కాగితం ఉందా?" కమిషనరు ప్రశ్నను నేను మా భాషలోకి మార్చాను.

"కాగితమెందుకండీ, పెద్ద బేగుగారి మాటుంది."

"సాక్షులు?"

"పైనున్నారు" అని ఓస్తోయా ఆకాశం చూపించాడు. గుడారంలో నవ్వారు. నేనూ నవ్వాను.

కమిషనరు కలం నమిలి, ఇంకో దారిన అడిగాడు. "ఆ తోట పంటలోంచి ఏటా బేగు ఇంటికి ఏమైనా ఇస్తావా? అవునా, కాదా?"

ఓస్తోయా ముఖం విప్పారింది. దొర తన మర్యాద గురించి ఆరా తీస్తున్నాడనుకున్నాడు పాపం.

"ఇవ్వకపోవడమేంటండీ? ముప్పై ఏళ్ళలో ఒక్క ఏడు తప్పలేదు. వడగళ్ళు పడి కాయంతా రాలిపోయిన ఏడు పక్కోడి తోటలో అడిగి మరీ గంప నింపాను. కావాలంటే రిఫాత్‌నే అడగండి."

"తెస్తాడు" అన్నాడు రిఫాత్ బేగు, నేల చూపులు చూస్తూ.

నేను జర్మనులో చెప్పిందల్లా, "అవును. ప్రతి ఏడూ. తప్పకుండా." అందులో అబద్ధం లేదు. అది కానుక అని మాత్రం చెప్పలేదు. దుబాసీ సొంత మాట కలపకూడదని దొర మొదటి రోజే అన్నాడు, ఆ నియమం నాకు తెగ నచ్చేసింది. ఇంకొకటి కూడా నాకు తెలుసు. పరదా చాటు ఆడవాళ్ళ సాక్ష్యం కావలసివస్తే ఖాజీ ఇద్దరు మనుషులను ఇంటికి పంపేవాడు. అలా ఎన్ని గడపల ముందు నిలబడి రాసుకున్నానో లెక్కలేదు. "ఉమిహానాను అడిగించండి" అంటే సరిపోయేది. పాత కోర్టు పద్ధతిని కొత్త కోటులో పలకడం నామోషీ అనిపించింది.

ఏటా ఇచ్చేది వాటాయే కనుక భూమి బేగుది, సాగుచేసే పాలికాపు ఓస్తోయా అని కమిషనరు రాసుకున్నాడు.

"ఏం రాశారు, ఎఫెండీ?" అని, చదువుకున్నవాళ్ళను పిలిచే మర్యాదతో ఓస్తోయా నన్నడిగాడు. చెప్పాను.

"మీకు తెలుసు కదా. ఆ రోజు నిలబడింది మీ నాన్నే కదా."

"అడిగినదానికే బదులు చెప్పాలి ఓస్తోయా. పద్ధతి అది."

"మీ నాన్నకు ఈ పద్ధతి తెలీదు పాపం" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట ముల్లులా దిగింది. అప్పుడు ఉమిహానా పేరు కూడా చేర్చి అప్పీలు రాసిచ్చాను. ఏటా పంట ఇస్తున్నానని ఓస్తోయా తానే ఒప్పుకున్నాడు కనుక చెల్లదని తిరిగొచ్చింది.

మరుసటి ఏడు పట్టా నకలు ఇవ్వడానికి బేగు ఇంటి గుమ్మంలో నిలబడి ఉండగా ఓస్తోయా వచ్చాడు, నెత్తిన గంపతో.

"వద్దు ఓస్తోయా, తీసుకుపో" అంది తలుపు చాటునుంచి ఉమిహానా.

"మొదటి గంపమ్మా ఇది."

"తెలుసయ్యా. ఇప్పుడు తీసుకుంటే అది మా వాటా అవుతుంది. మీ ఆవిడ పాలతో పెరిగాడు నా కొడుకు. ఆ ఇంటినుంచి నేను వాటా తీసుకోలేను."

"వాటాకి రేపు మీ మనుషులు ఎలాగూ వస్తారు కదమ్మా. ఇది వేరు."

"వేరని నీకూ నాకూ తెలుసు. ఆ పుస్తకానికి తెలీదు."

ఓస్తోయా నావైపు తిరిగాడు. "ఇది ఎవరికివ్వాలో మీ పుస్తకంలో ఉందా, ఎఫెండీ?" అన్నాడు. గంప సర్దుకుని కొండ ఎక్కిపోయాడు.

తలుపు సందులో ఉమిహానా చెయ్యి కనబడింది. అందులో పటికబెల్లం పొట్లం ఉంది. ఎప్పటిలాగే గంపలో పెట్టడానికి ముందే కట్టి ఉంచుకున్నట్టుంది.

"మునీబ్," అంది, "పోయినేడు ఆ గుడారంలో నువ్వు దగ్గితే ఇక్కడికి వినబడింది. నన్నొక్క మాట అడిగుండచ్చు కదయ్యా."

సొంత మాట కలపొద్దని దొరగారు అన్నారమ్మా అందామని నోరు తెరిచి, సిగ్గేసి మూసుకున్నాను.