తుంపెంగ్ ఓడెక్కింది

చేపగుడ్లు పట్టే వలను ఓడెక్కించారు, ఆ వల తయారుచేసిన మనిషిని దింపేశారు. కిందున్న విద్యార్థులారా, చేపల షెడ్ల అక్కలారా, అన్నలారా, వినండి. ఓడ కమ్మీ పట్టుకుని చెబుతున్నాను, నా గొంతు ఇప్పటికే బొంగురుపోయింది.

నిన్న ఈ టెగాల్ రేవులోనే అందరి కళ్ళముందే జరిగింది. మా సముద్ర పరిశోధన సంస్థలో కినాంతి అందరికన్నా చిన్నది. సంచి భుజాన వేసుకుని ఓడ మెట్లు సగం ఎక్కింది. డైరెక్టర్ హర్జోనో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికమ్మా? ఓడలో ఆడవాళ్ళకి గది లేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చేపగుడ్ల పరిశోధన నాది సార్. ఈ యాత్ర తప్పితే నా కాంట్రాక్టు పోతుంది."

"గుడ్లు తెచ్చి నీ బల్ల మీద పెడతాంలే. కూచుని చూసుకో."

మగవాళ్ళు పళ్ళికిలించారు. కినాంతి దిగింది, ఆమె చేసిన వల మాత్రం ఓడలోనే ఉండిపోయింది.

ఈ ఉచ్చు ఎలా బిగిసిందో చూడండి. సముద్రం మీదికి వెళ్ళనిదే మా దగ్గర ఉద్యోగం ఖాయం కాదు. గది లేదు కాబట్టి ఆడది వెళ్ళకూడదు. గది ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీలో కూర్చోవాలంటే ఉద్యోగం ఖాయమై ఉండాలి. ఎటు తిరిగినా గోడే! నేను ఇన్నేళ్ళూ సముద్రాన్ని సీసాల్లోనే చూశాను. గది లేదంటారు గానీ, ఒక గది నిండా డైరెక్టరుగారి గాలం కర్రలున్నాయి. ఒళ్ళు మండదా మరి?

నిన్న మధ్యాహ్నం మా సంస్థ ఆడవాళ్ళమంతా సీసాలు కడిగే గదిలో కూడాం.

"రేపు తుంపెంగ్ వండొద్దు," అంది కినాంతి.

ప్రతి యాత్రకూ మేమే వండుతాం. పసుపన్నం గోపురంలా పోసి, చుట్టూ కోడికూర, వేపిన చేపలు పేర్చి రేవులో దించుతాం. మగవాళ్ళు పైకి మోసుకెళ్ళి ప్రార్థన చేస్తారు. డైరెక్టర్ దాని కొన కోసి, మొదటి ముద్దగా అందరిలోకీ పెద్దవాళ్ళకిస్తాడు. నావికులంతా ఒక్కో ముద్ద తినందే ఎవడూ ఓడ తాడు విప్పడు.

"మనం కాకపోతే పెళ్ళాలచేత వండించుకుంటారు," అన్నాను నేను.

"ఉద్యోగం ఊడితే నా పిల్లల్ని నువ్వు సాకుతావా?" అని మూలనుంచి ఒకామె కసిరింది.

"ఇప్పుడేమన్నా సింహాసనం మీదున్నామా?" అంది ఇంకొకామె.

మా అందరికీ పెద్ద వినార్సిహక్క. చేతిలో సీసా దించి ఇలా అంది: "వండుదాం. కమ్మగా వండుదాం. కానీ రేవులో దించొద్దు. మనమే ఓడెక్కించి చుట్టూ కూచుందాం. అన్నం దాటి ఎవడొస్తాడో చూద్దాం."

ఈ పొద్దున అదే చేశాం. ఎక్కాం, కూచున్నాం.

"దిగండి! వంటకి పిలిస్తే పైకెక్కి కూచుంటారా?" హర్జోనో ఊగిపోయాడు.

"వంటకే పనికొస్తామన్నారుగా సార్. వంటతోనే వచ్చాం. గాలం కర్రలు తీయించి కినాంతికి గది ఇవ్వండి, అప్పుడే కోస్తాం," అంది వినార్సిహక్క.

మమ్మల్ని ఈడ్చెయ్యమని ఓడ కెప్టెన్ బహార్‌ని ఆజ్ఞాపించాడు.

"ప్రార్థన కాని అన్నం సార్. దానికి నా మనుషుల కాలు తగిలితే ఊరుకోను," అన్నాడు కెప్టెన్.

హర్జోనో మాకు నీళ్ళు కట్టేయించాడు. మెట్ల దగ్గర కాపలా పెట్టాడు. పైన ఎండ, కింద కాలే ఇనుము, వెనక సముద్రం. ఒకామె ఏడ్చింది. నాకూ దిగిపోదామనిపించింది, అబద్ధమెందుకు?

పోలీసులొచ్చి వినార్సిహక్కని పట్టుకున్నారు. మేం ఆమె చేతులు వదల్లేదు. వేళ్ళు విరిచి మరీ విడదీశారు. సంకెళ్ళు వేసి కింద వ్యానులో పడేశారు.

అప్పుడు హర్జోనో కినాంతి పక్కన గొంతుక్కూర్చున్నాడు. గొంతు తేనె అయింది. "నువ్వు తెలివైనదానివమ్మా. ఆ కొన కోసి నా చేతిలో పెట్టు. నీ ఉద్యోగం ఖాయం చేస్తా. నీకు గదీ ఇస్తా."

"ఒక్క నాకేనా?"

"ముందు నీకు. మిగతావాళ్ళది తర్వాత చూద్దాం."

కత్తి ఆమె చేతికిచ్చాడు. ఆమె జీవితమంతా ఆ అన్నం కొన మీదుంది. కినాంతి కోసింది. అరిటాకులో పెట్టుకుని లేచింది. హర్జోనో రెండు చేతులూ చాచాడు.

ఆమె అతన్ని దాటి మెట్లు దిగింది. కాపలావాళ్ళు ఏం చెయ్యాలో తోచక పక్కకి జరిగారు. వ్యాను ఊచల్లోంచి చెయ్యి పెట్టి, "మొదటి ముద్ద పెద్దవాళ్ళకే అక్కా. తిను," అంది. అక్క సంకెళ్ళ చేతులతో ఆ చెయ్యి పట్టుకుని తింది.

"నీ ఉద్యోగం పోయింది, పో!" హర్జోనో అరిచాడు.

"తెలుసు సార్," అని మళ్ళీ ఎక్కి అక్క చోట కూచుంది.

కెప్టెన్ బహార్ వచ్చి ఆమె ముందు కంచం చాచాడు. వెనకే నావికులు వచ్చారు. అందరూ తిన్నారు. తిన్నాక విప్పాల్సిన తాడు మాత్రం ఎవరూ విప్పలేదు.

వ్యాను వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుంది, ఈసారి కినాంతి కోసం. ఆమె చోట నేను కూచుంటాను. నా తర్వాత ఎవరు? మెట్లు ఎక్కి రండి!