దేవమ్మ నీడ

పొద్దు పొడవగానే దేవమ్మ కొంగు నడుముకు చుట్టి, ఇంద్రేశం ఊరవతల ఉన్న తన టమాట చేనులోకి దిగేది. ఎండ కాస్త పైకొచ్చాక ఆమె నీడ కూడా కాళ్ల దగ్గర నుంచి లేచి, మట్టి దులుపుకొని, పక్క సాలు పట్టుకునేది. ఆమె ఒక గంప నింపేసరికి నీడ ఇంకో గంప నింపేది. ఊళ్లో కూలీలంతా పటాన్‌చెరు దిక్కు లేస్తున్న కంపెనీల గోడలు కట్టడానికి పోయారు. అక్కడ రోజూ పని, వారం వారం కూలి. వాళ్లను తప్పుపట్టే పని లేదు.

"నీకేం దేవమ్మా, నీ నీడ పనిమంతురాలు" అనేవాళ్లు బాటన పోయేవాళ్లు.

"నేను నేర్పిన పనే గదా!" అని దేవమ్మ తల ఎత్తి నవ్వేది.

ఆమె పెనిమిటి పెంటయ్యకు కూడా కార్ఖానలో నౌకరి దొరికింది. ఖాకీ అంగీ తొడిగాక అతని కంటికి చేను చిన్నదైపోయింది.

"ఇగ ఈ మట్టి పిసుకుడు ఎందుకే? కంపెనీ షెడ్డు ఏస్తనని పట్నం సేటు ఒకడు మన భూమి అడుగుతుండు. ఇచ్చేద్దాం."

"ఈ పంట చేతికి రానియ్యి. గప్పుడు గూడ నీకు అమ్మబుద్ధయితే నేను అడ్డం రాను" అంది దేవమ్మ.

ఆ ఏడు కాపు విరగకాసింది. సరిగ్గా కాయ ఎర్రబడే వేళకు ముసురు పట్టింది. సూర్యుడు లేడు, నీడా లేదు. దేవమ్మ ఒక్కతే తడుస్తూ తెంపింది. చేతికి వచ్చినదానికంటే పగిలి బురదపాలైనదే ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్లన్నిటా అదే గతి. బండ్లు దిగబడి సరుకు కదలక, అంగడిలో టమాట ధర కొండెక్కి కూర్చుంది.

రామచంద్రాపురం క్వార్టర్లలో హైమావతి ఎప్పుడూ దేవమ్మ దగ్గరే కొనేది. భర్త ఉద్యోగం కోసం గోదావరి పక్క నుంచి వచ్చిన మనిషి. ధర వినగానే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంటి దేవమ్మా, పోయిన వారానికి ఇది రెట్టింపు కదా!"

"ఏం జేయాలమ్మా, తెంపేటోళ్లు లేరు. మొగులు పట్టినకాంచి నీడ గూడ లేదాయె. నేను తెంపినయి గివే."

"అయ్యో, అవును కదా! ఒక్కదానివీ ఎన్నని కోస్తావు?" హైమావతి తన చేతులు చూసుకుంది. "పెళ్లికి ముందు మిరప కోతల్లో నా సాలు ఎవరూ అందుకునేవారు కాదు. ఇక్కడికొచ్చాక ఈ చేతులకి పనే లేదు. రేపు మా వీధివాళ్లని తీసుకుని వస్తాను."

"క్వార్టర్లోళ్లు బురదల దిగుతరా అమ్మా?"

"బురదలో పుట్టినవాళ్లమే! రేపు చూద్దువుగాని."

అన్నట్టే మర్నాడు హైమావతి, ఆమె వీధి ఆడవాళ్లు చీరలు ఎగగట్టుకొని, వానలో పాటలు పాడుతూ సాలు సాలునా దిగారు. డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తున్న పెంటయ్య గట్టు మీద ఆగాడు. దేవమ్మ పిలవలేదు. అతనే ఖాకీ అంగీ విప్పి సైకిల్‌కు తగిలించి చేనులోకి దిగాడు.

"గా మూల సాలు పట్టు, అది ఎవ్వలు తాకలే" అంది దేవమ్మ.

చీకటి పడేలోపల చెట్ల మీదున్న కాయంతా గంపలకెక్కింది. క్వార్టర్ల ఆడవాళ్లు తలా ఒడి నిండా టమాటలు కట్టుకుపోయారు. మిగిలిన గంపలు నెత్తిన మోసి అంగడికి చేర్చగానే ధర కాస్త దిగివచ్చింది. పటాన్‌చెరు ఇళ్లలో మళ్లీ టమాట చారు కాగింది.

మరో రెండు రోజులకు ఎండ కాసింది. పెంటయ్య కార్ఖాన గేటు దగ్గర సైకిల్ దిగితే కావలివాడు నేల చూశాడు.

"నీ నీడ యాడ, అన్నా?"

"చేన్ల ఉండిపోయినట్టుంది" అని పెంటయ్య లోపలికి పోయాడు.

పంట అయిపోయిందని తెలిసి ఆ సాయంత్రమే సేటు కొలత గొలుసు పట్టించుకొని వచ్చాడు. హద్దులు చూపడానికి ముందు నడిచిన పెంటయ్య గట్టెక్కి ఆగిపోయాడు. దేవమ్మ పక్కన ఆమె నీడ, దాని పక్కన అతని నీడ. ముగ్గురూ ఒరిగిన మొక్కలు లేపి మట్టి ఎగదోస్తున్నారు. అతని నీడ తల కూడా ఎత్తలేదు. అంత ఒద్దికగా, అంత వాటంగా తాను పని చేయగలడని పెంటయ్య ఎన్నడూ అనుకోలేదు. అతని ఛాతి ఉప్పొంగింది.

"ఏం పెంటయ్యా, గొలుసు పరిపియ్యాల్నా?" అన్నాడు సేటు.

"వేరే తాన చూసుకో సేటు" అన్నాడు పెంటయ్య. "ఆడ నేను పనిల ఉన్న."