మూడో అంతస్తు తలుపు

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడని అందరూ ఎక్స్‌రే అమ్మాయి అనేవారు. నలభై దగ్గరపడుతున్నా ఆ పిలుపు మారలేదు. రోజంతా ఎముకల నీడలు చూసి చూసి ఆమెకొక అలవాటు పట్టుకుంది. ఏ బొమ్మ ఎదురుపడినా నడిమధ్యన ఉన్నదాన్ని వదిలేసి మూలల్లో వెతికేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ అలవాటుకి చేతినిండా పని. పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే వదిన ఇంట్లో ముగ్గురు చేరేవారు: తను, వదిన, పక్కవీధిలో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు. ముగ్గురిదీ ఒకటే పిచ్చి. ఎప్పుడో టీవీలో వచ్చిన ఒక డిటెక్టివ్ సీరియల్. అందులో నేరాలు తేల్చే పెద్దమనిషి ఒకప్పటి సర్వేయరు. జేబులో టేపు లేనిదే గడప దాటడు. శవం వైపు చూడకముందే గది పొడవు కొలుస్తాడు. వీళ్లు ఆయనకి కొలతల బాబాయి అని పేరు పెట్టుకున్నారు.

మొత్తం ఇరవై ఆరు భాగాల్లో పదకొండోదంటే ముగ్గురికీ ప్రాణం. ఒక మేడ యజమాని డాబా మీది గదిలో హత్యకి గురవుతాడు. డాబాకి దారి వెనకనున్న ఇనప మెట్ల మీదుగానే. ఆ మెట్ల కింది గేటుకి పొద్దుటినుంచీ తాళం. ముందు మెట్లేమో మూడో అంతస్తుతో ఆగిపోతాయి. మరి హంతకుడు పైకెలా వెళ్లాడు? కొలతల బాబాయి మెట్లన్నీ కొలిచి, కింద మందుల షాపు నడిపే మనిషి ముందు మెట్లెక్కి, మూడో అంతస్తులోని తలుపు తీసుకుని వెనక మెట్ల మీదకి దాటాడనీ, అంతా కలిపి నిమిషంన్నర పనేననీ తేలుస్తాడు. ఆ లెక్క చెప్పే ఘట్టం వచ్చేసరికి మాస్టారు కుర్చీ అంచుకి జరిగి పెదాలు కదుపుతూ డైలాగులు తనూ అప్పజెప్పేవారు.

అయితే ఆ భాగంలో ముగ్గురికీ అంతుచిక్కని సంగతి ఇంకొకటుంది. బాబాయి మొదటిసారి మెట్లెక్కుతున్నప్పుడు, పైనుంచి ఒకావిడ బకెట్టు పట్టుకుని దిగుతుంది. రెయిలింగు మీద చెయ్యి వేసి, సూటిగా కెమెరాలోకి చూస్తుంది. మూడు సెకన్లు. మళ్లీ ఎక్కడా కనపడదు. పేర్ల జాబితాలోనూ లేదు.

"యజమాని దాచిన రెండో పెళ్లాం," అనేది వదిన.

"కాదమ్మా, మనల్ని దారి తప్పించడానికి డైరెక్టరు వేసిన ఎర," అనేవారు మాస్టారు.

ఎక్స్‌రే అమ్మాయి మాత్రం ఆ మూడు సెకన్లనీ ఆపి ఆపి చూసేది. రెయిలింగు మీద ఆవిడ చిటికెనవేలు మిగతావాటితో కలవకుండా పక్కకి తిరిగి ఉండేది.

ఒక బుధవారం పొద్దున ఒక పెద్దావిడ మణికట్టు పట్టుకుని ఎక్స్‌రే గదిలోకి వచ్చింది. బాత్రూంలో జారిపడిందట. చేతిని మెల్లగా పలక మీద సర్దుతూ ఎక్స్‌రే అమ్మాయి ఆగిపోయింది. చిటికెనవేలు పక్కకి తిరిగి ఉంది.

"ఇది ఇప్పుడు విరిగింది కాదు కదమ్మా?"

"అదా? చిన్నప్పుడు తలుపు సందులో పడింది. సరిగ్గా అతకలేదు. దాని జోలికి పోకు, దాని మానాన అదుంది."

ఫొటో తీశాక మణికట్టులో సన్నని చీలిక కనపడింది. డాక్టరు దగ్గరికి పంపే చీటీ రాసి ఇచ్చింది గానీ ఆమె మనసు మనసులో లేదు. అడగొచ్చో అడగకూడదో. చివరికి తెగించి నోరు విప్పింది.

"ఏమనుకోకండి. మీరెప్పుడైనా ఒక మేడలో... మెట్ల దగ్గర సినిమా షూటింగులాంటిది..."

పెద్దావిడ నొప్పి మరిచిపోయి ఫక్కున నవ్వింది. "సినిమా కాదు, టీవీ వాళ్లు! వారం రోజులు మా మెట్లన్నీ వైర్లతో నింపేశారు. నీకెలా తెలుసు? అప్పటికి నువ్వు పుట్టావో లేదో!"

చేతికి పిండికట్టు వేయించుకుని, రెండు వారాల తర్వాత ఎక్స్‌రే అమ్మాయి పిలుపు మీద పెద్దావిడ వదిన ఇంటికి వచ్చింది. ఆ భాగాన్ని ఆవిడ ఇంతవరకూ చూడనేలేదట. అప్పట్లో ఇంట్లో టీవీ లేదు, తర్వాత తీరిక లేదు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సీరియల్ మొత్తం మీద రాసుకున్న లావుపాటి నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వదిన రెండోసారి టీ పెట్టింది, మొదటిది ఎవరూ తాగకుండానే.

మెట్ల ఘట్టం వచ్చింది. తెర మీద పాతికేళ్ల మనిషి బకెట్టుతో దిగి, వాళ్ల నలుగురి వైపూ చూసింది.

"అమ్మో, ఎంత కోపంగా ఉన్నానే!" అంది పెద్దావిడ.

"అది కోపమా?" అంది వదిన, రెండో పెళ్లాం చేజారిపోతున్నట్టు.

"కోపం కాక? కింద కుళాయికి గంటసేపే నీళ్లు. వీళ్లేమో అడ్డంగా నిలబడి వెనక్కి పొమ్మని చేతులూపుతారు. మీ పని మీది, నా పని నాది అని దిగిపోయాను. మళ్లీ తీద్దామంటే వెలుతురు పోతోందిట. అలాగే ఉంచేశారు."

మాస్టారు నోటుబుక్కులో ఏదో కొట్టేశారు. ఎక్స్‌రే అమ్మాయికి ఒళ్లంతా తేలికైపోయింది. ఇన్నేళ్ల చిక్కుముడి ఒక బకెట్టు నీళ్లతో విడిపోయింది! కానీ పెద్దావిడ ఇంకా తెరనే చూస్తోంది. కొలతల బాబాయి టేపు చుట్టి, మూడో అంతస్తు తలుపు చూపించి, హంతకుడు ఇలా వెళ్లాడన్నాడు.

"ఎలా వెళ్తాడు?" అంది పెద్దావిడ. "ఆ తలుపు తీస్తే మా వంటిల్లు."



"అది మీరున్న ఇల్లండీ," అన్నారు మాస్టారు ఓపిగ్గా. "కథలో ఇల్లు వేరు. కథలో అది దారే."

"ఏ కథైతేనేం మాస్టారూ? ఇప్పుడే చూశారుగా, నేను ఆ తలుపులోంచే వచ్చాను. అంటే మీ కథలోనూ అక్కడ ఎవరో కాపురం ఉన్నట్టేగా? ఆవిణ్ణి ఒక్కమాట అడగలేదేం మీ బాబాయి?"

ఎక్స్‌రే అమ్మాయి వెనక్కి తిప్పి చూసింది. నిజమే. ఫ్రేము పైమూలన, ఆవిడ భుజం వెనక, అదే తలుపు సగం తెరుచుకుని ఉంది. ఆవిడ ఎవరా అని తల బద్దలుకొట్టుకున్నారే గానీ, ఎక్కణ్ణుంచి వచ్చిందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మూలలు వెతికే తనక్కూడా.

మాస్టారి మొహం వాడిపోయింది. "అయితే ఆ మందుల షాపు మనిషి..." అని ఆగిపోయారు. తప్పు చేయనివాడికి ఇన్నేళ్లుగా తనే శిక్ష వేసినట్టు చూశారు.

"ఆ మేడ ఉందా ఇంకా?" అని అడిగింది ఎక్స్‌రే అమ్మాయి.

"ఉండకేం? రంగు మారిందంతే."

ఆ పై ఆదివారం పది గంటలకి నలుగురూ ఆ మేడ ముందున్నారు. మాస్టారు కొత్త టేపు తెచ్చారు. మెట్లు అవే, రెయిలింగు అదే. మూడో అంతస్తు తలుపు కొడితే, చేతులకి పిండితో ఒకావిడ తీసింది. ఇంట్లోనే కేకులు చేసి షాపులకి వేస్తుందట. పెద్దావిడ తను ఒకప్పుడు ఇక్కడే కాపురమున్నానని చెప్పగానే, "రండి రండి, ఎక్కడా చెయ్యి మాత్రం పెట్టకండి," అని లోపలికి పిలిచింది.

వంటిల్లే. పెద్దావిడ చెప్పినట్టే. కానీ ఎదురుగోడకి మోకాలెత్తులో ఊచల్లేని పెద్ద కిటికీ ఉంది. దాని అవతల, చేయి చాపితే అందేంత దూరంలో, ఇనప మెట్లు.

"ఈ కిటికీ ఎప్పుడు పెట్టించారు?" అన్నారు మాస్టారు.

"మేం వచ్చేసరికే ఉందండీ," అంది కేకులావిడ.

పెద్దావిడ గది మధ్యలో నిలబడిపోయింది. "ఇక్కడ బీరువా ఉండేది. గోడంతా. వెనక కిటికీ ఉందన్న సంగతే మర్చిపోయాను."

"బీరువా ఉంటే దారి లేనట్టేగా," అంది వదిన.

"ఆగండి," అంది ఎక్స్‌రే అమ్మాయి. "బీరువా ఎప్పుడు కొన్నారమ్మా? షూటింగుకి ముందా, తర్వాతా?"

పెద్దావిడ వేళ్లు మడిచి లెక్కేసుకుంది. "మావాడి బట్టలకని కొన్నాం. వాడు పుట్టాక. షూటింగప్పుడు..." ఆమె గొంతు మెత్తబడింది. "షూటింగప్పుడు వాడు కడుపులో ఉన్నాడు. మూడో నెల. బకెట్టు మొయ్యొద్దని మా ఆయన పోరుపెట్టేవాడు. అందుకే ఆయన పనికెళ్లాక దిగేదాన్ని."

"తలుపుకి తాళం వేసేవారా?"

"కుళాయి దగ్గరికి తాళమేమిటే? ఓరగా వేసి వెళ్లేదాన్ని."

మాస్టారు అప్పటికే కిటికీ గట్టెక్కేశారు. వదిన ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఒక కాలు ఇనప మెట్టు మీద పెట్టి, టేపు సంగతే మర్చిపోయి గడియారం చూసుకున్నారు.

"నువ్వు రోజూ ఇలా నీళ్లకి దిగేదానివి కాబట్టే వాడు పైకెక్కగలిగాడమ్మా!" అన్నారు, 'మీరు' అనడం కూడా మరిచిపోయి. "నువ్వు కనపడకపోయుంటే లెక్క తప్పయ్యేది!"

"అంటే హత్యకి దారి ఇచ్చింది నేనా?" అంది పెద్దావిడ. భయపడాలో మురిసిపోవాలో తెలియనట్టు పిండికట్టు చేతిని గుండెకి ఆనించుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, బీరువా రాకముందు ఇక్కడ నిలబడే బియ్యం ఏరుకునేదాన్ని అని, చాలాసేపు బయటికి చూసింది. 

కేకులావిడ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసి, చేతులు తుడుచుకుని ఒక స్టూలు లాక్కుంది.

"మా కిటికీలోంచి వెళ్లి ఎవరు ఎవర్ని చంపారండీ?"

వదిన చెప్పబోయి నాలిక కరుచుకుంది. మాస్టారు కిటికీ దిగి, తల అడ్డంగా ఊపారు. ఎక్స్‌రే అమ్మాయి ఫోను తీసి, పదకొండో భాగం పెట్టి, కేకుల ట్రేకి ఆనించి నిలబెట్టింది.

"చెప్పం," అంది. "మొదటినుంచీ చూడండి."