ఐదో బేరన్ గారి వారసుడు

ఎల్డర్‌మీర్ బేరన్ల చరిత్ర నాకు మా ఇంటి చరిత్ర కంటే బాగా తెలుసు. మొదటాయన యుద్ధంలో రాజుగారికి ఓడలు సమకూర్చి బిరుదు కొట్టేశాడు. రెండో ఆయన పేకాటలో అడవి పోగొట్టాడు. మూడో ఆయన గుర్రం మీంచి పడి చనిపోయాడు. నాలుగో ఆయన కోట అమ్మేశాడు. ఐదో ఆయన రబ్బరు కంపెనీ ఉద్యోగానికని సింగపూర్ వచ్చి, భార్య పోయాక బిషాన్‌లో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటున్నాడు. ఇదంతా, దొరల వంశావళులు అచ్చేసే ఒక లండన్ కంపెనీ వెబ్‌సైట్‌లోకి ఎక్కించడమే నా ఉద్యోగం. అది రెండువేల సంవత్సరం. కంప్యూటర్ వస్తే చాలు, దొరల వంశాలు కూడా నాలాంటి భీమవరం పెద్దిరాజు చేతిలో పెట్టేసేవారు.

ఐదో ఆయనకు పిల్లల్లేరు. డేనియల్ అనే చైనా పిల్లాణ్ణి దత్తత తీసుకున్నారు. వారసుడు అన్నచోట నేను ఆ పేరే ఎక్కించాను. ఆలోచించడానికేముంది? నన్నూ మా తాతయ్యకు దత్తతిచ్చారు. ఇంటిపేరు మారింది, ఆయనకు తలకొరివి పెట్టింది నేనే. మా వైపు కొడుకంటే కొడుకే.

రెండ్రోజులకు బేరన్ గారు ఫోన్ చేశారు. భార్య అంత్యక్రియలప్పుడు, ఇంగ్లండు చుట్టాల ముందు, వంశం తనతోనే ఆఖరని ఆయన అన్నారట. అప్పట్నుంచీ డేనియల్ గడప తొక్కలేదు. ఇప్పుడు సైట్‌లో తన పేరు చూసి, ఆదివారం భోజనానికి వస్తానన్నాడట. నన్నూ రమ్మన్నారు.

ఈలోగా లండన్ ఆఫీసు నుంచి అక్షింతలు పడ్డాయి. దత్తుడికి బిరుదు రాదట, పేరు తీసెయ్యమన్నారు. ఏడిసినట్టుంది చట్టం! బేరన్ గారికి చెబితే, చట్టం తనకు తెలుసనీ, ఆదివారం దాకా మాత్రం ఉంచమనీ బతిమాలారు. సరేనన్నాను. నేనుండే జురాంగ్ వెస్ట్‌లో ఆదివారం నన్ను భోజనానికి పిలిచేవాడు మాత్రం ఎవడున్నాడు? చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను.

కొడుక్కి ఇష్టమని ఆయన చికెన్ రైస్ తెప్పించారు. డేనియల్ వచ్చి కూర్చున్నాడు గానీ ముద్ద ముట్టలేదు.

"ఆ బిరుదు నాకు రాదని చిన్నప్పుడే తెలుసు డాడీ. నాకెందుకు అది. నా పేరు నువ్వే రాయించావా? అదొక్కటే చెప్పు."

ఆయన నా వంక చూశారు. అవునని అనెయ్యండి మహాప్రభో అని కళ్ళతోనే మొత్తుకున్నాను.

"లేదు. ఈ అబ్బాయి పొరబడ్డాడు."

డేనియల్ తలూపాడు. లేచి, కుర్చీ సర్ది, తండ్రికి కరచాలనం చేసి వెళ్ళిపోయాడు. లిఫ్ట్ తలుపు మూసుకున్న చప్పుడు లోపలికి వినిపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. కొడుకు కోసం ఒక్కటి ఆడలేడా ఈ పెద్దమనిషి? ఉండబట్టలేక అడిగేశాను. "అవునంటే మీ సొమ్మేం పోయేది సార్?"

ఆయన డేనియల్ ముట్టని కంచం తన వైపు లాక్కున్నారు.

"ఏ మొహంతో అనను? నువ్వు ఆలోచించకుండానే రాసేశావు. వాడి పేరు రాయమని అడగాలని ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా తోచలేదు."