చెక్కు చెదరని చెక్కపెట్టెలు

మా ఇంటి అలమరలో పై అరలో ఉన్నవన్నీ అరుదైనవి. కింది అరలో మా ఆవిడ చీరలుంటాయి. అవి ఇంకా అరుదైనవని ఆవిడ ఫిర్యాదు.

పై అరలో ఉన్నవి ఆరు చెక్కపెట్టెలు. ఒక్కొక్కటి సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది. లోపల చిన్న చిన్న చెక్కముక్కలుంటాయి. పేర్చుకుంటూ పోతే మూత మీద బొమ్మలో ఉన్నది తయారవుతుంది. రైలు స్టేషను, బియ్యం మిల్లు, వంతెన, కోట బురుజు, దీపస్తంభం, తెప్ప. నరసన్నపేటలో అసిరయ్య అనే వడ్రంగి వీటిని చేసేవాడు. అరవై రెండులో ఆయన పక్షవాతంతో పడిపోయాడు. ఇక ఆ సరుకు రాదని కొట్టువాళ్ళు చెప్పిన రోజునే నాకు దాని మీద మోజు పుట్టింది. వచ్చే సరుకు ఎవడైనా కొంటాడు. రాని సరుకు కొనడంలోనే రాణింపు ఉంది.

ఆరేళ్ళు తిరిగి ఆరింటినీ పట్టాను. వంతెన కోటబొమ్మాళి సంతలో పాత ఇనపసామాను కింద దొరికింది. తెప్ప మాత్రం ఎక్కడా దొరక్క, కళింగపట్నంలో ఓ కిళ్ళీకొట్టు అతన్ని బతిమాలి తెప్పించుకున్నాను. తెప్ప చేతికొచ్చాక గాని తెప్పరిల్లలేదు.

ఒక్క పెట్టె కూడా తెరవలేదు. మూతనీ అడుగునీ కలిపి అంటించిన కాగితం పట్టీ, పట్టీ మీద నీలి సిరాతో అసిరయ్య కుడి బొటనవేలి ముద్ర. నేను శ్రీకాకుళం పోస్టాఫీసులో ముద్రలు కొట్టి పొట్ట పోసుకునేవాణ్ణి. ముద్రంటే నాకు ముద్దు. చదువురాని కళాకారుడు తన పనికి పెట్టిన సంతకం అదని, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. సీలు పోయిన పెట్టె, శీలం పోయిన ఉద్యోగి ఒకటేనని ముగించేవాణ్ణి.

ఆ ఉపన్యాసం మా ఆవిడ లక్ష్మీనరసమ్మకి కంఠతా వచ్చు. కట్టుకున్నావిడ కట్టెదుట నిలబడి కట్టెలు నిండుకున్నాయని చెప్పినప్పుడల్లా, అలమరకి తాళం పెట్టి కట్టుదిట్టం చేసుకునేవాణ్ణి.

అరవై ఎనిమిది శ్రావణమాసంలో ఓ ఆదివారం పొద్దున్న, గొడుగు ముడుచుకుంటూ పాతికేళ్ళ అమ్మాయి మా గుమ్మంలో నిలబడింది.

"పెట్టెల బాబంటే మీరేనా?"

"పేరు జగన్నాధం. పెట్టెలున్న మాట నిజమే."

"నాను నీలవేణిని బాబూ. నరసన్నపేట అసిరయ్య కూతుర్ని."

ఆయనకి కూతురుందని నాకు తెలియదు. ఆ మాటకొస్తే ఆయన ఇంకా ఉన్నాడని కూడా సరిగా తెలియదు. బస్సెక్కితే గంట దూరం. ఆరేళ్ళలో ఊళ్ళన్నీ తిరిగినవాణ్ణి ఆయనింటికి మాత్రం వెళ్ళలేదు.

లక్ష్మీనరసమ్మ పీట వేసింది. నీలవేణి కూర్చుని వచ్చిన పని చెప్పింది. విజయనగరంలో పద్మకుమారి గారని, ఒక మహిళా మండలి తరఫున పసిపిల్లల బాలవాడీలు చూసుకునే ఆవిడ. వాళ్ళ పిల్లల కోసం ఈ పెట్టెలు ఒక్కో రకం నలభై తీసుకుంటానన్నదట. వచ్చే గురువారానికి అన్ని రకాలకీ నమూనాలు చేసి చూపించాలి.

"అయితే చెయ్యమ్మా. నీకు పని వచ్చా?"

"మా నాన్న పక్కన కూకుని కోసినదాన్నే. రంపమైనా ఉలైనా పట్టగలను. కొలతలే నేవు. కొలతల సెక్కలన్నీ పొయ్యిలోకెల్లిపోనాయి."

"పొయ్యిలోకా?"

"మూడేళ్ళనాడు తుపానుకి ఇంట్లో కట్టెలన్నీ తడిసిపోనాయి బాబూ. పొడిగా ఉన్నవి అవొక్కటే. మాయమ్మ నాన్నకి గంజి కాయాలి కదా."

"ఒక్క పెట్టె కూడా దాచుకోలేదా మీ నాన్న?"

"సేసినోడు దాసుకుంటే అమ్మీదేటి?"

ఆమె గొడుగు కొసతో గచ్చు మీద గీతలు గీస్తూ మిగతాది చెప్పింది. గురువారం చూపించలేకపోతే తండ్రి పనిముట్లన్నీ ఎల్లాజీ అనే బేరగాడికి ఇచ్చేస్తారు. శుక్రవారం బండి తెస్తానన్నాడు. ఆ తరవాత ఆమె బియ్యం మిల్లులో చెరుగుడు పనికి పోతుంది.

నేను తాళం తీసి ఆరు పెట్టెల్నీ బల్ల మీద పెట్టాను.

"కొలుచుకో అమ్మా. తెరవడం మాత్రం కుదరదు."

పాపం, నీలవేణి మూతలు కొలిచింది. ఒక్కో పెట్టెనీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. "పదకొండు ముక్కలు... కాదు, పన్నెండేమో" అంది.

లక్ష్మీనరసమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది. "ఏటండీ, నిండు కడుపు పైనుంచి తడిమి, పుట్టీ గుంటకి పుట్టుమచ్చ ఎక్కడుందో సెప్పమంటన్నారా?"

నా బాధ రెండు రకాలది. మొదటిది, పట్టీ చిరిగితే నా పట్టు పోతుంది. రెండోది పైకి చెప్పుకోలేనిది. ఈ పిల్ల మళ్ళీ వందల పెట్టెలు చేసేస్తే, నా అలమరలో ఉన్నవాటిని ఎవడు చూస్తాడు? అవి ఆగిపోయాయి కాబట్టే నా గొప్ప సాగుతోంది. అవి సాగితే నా గొప్ప ఆగుతుంది.

అప్పుడు నాకో ఉపాయం తోచింది. "మీ నాన్న సంతకం నేను చింపడమేమిటి? ఆయన ఎదుటే, ఆయన సరేనంటేనే తెరుద్దాం" అన్నాను. ఏ కళాకారుడు తన సంతకం చింపమంటాడు? ఆ ధైర్యంతోనే పెట్టెల్ని తువ్వాలులో మూటకట్టి, నీలవేణితో నరసన్నపేట బస్సెక్కాను.

అసిరయ్య వసారాలో నులకమంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎవరో ఇచ్చి వెళ్ళిన సామానులా ఒళ్ళో పడి ఉంది. మూట విప్పి పెట్టెలు వరసగా పెడితే ఆయన కళ్ళు వెలిగాయి. ఎడంచేత్తో ఒకటి తీసుకుని తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. వెలుగు కాస్త తగ్గింది.

"ఇవి ఇప్పనేదేటి బాబూ?"

"లేదు. ఆరేళ్ళుగా చెక్కలు చెక్కు చెదరకుండా కాపాడాను. మీ సంతకం చెరిగిపోతుందేమోనని."

"సంతకమేటి?"

"ఈ వేలిముద్ర."

ఆయన సగం మూతితో నవ్వాడు. "సంతకం కాదు బాబూ. కొట్టోల్లు ముక్కలు కాజేసీవోరు. ఓ పెట్టెలోవి తీసి ఇంకో పెట్టెలో ఎలితి పూడిసీవోరు. గుంటడు ఇంటికెల్లి కడితే స్టేషనుకి కప్పుండీది కాదు. అసిరయ్య మోసం సేసినాడని ఏడిసీవోడు. అందుకని ముద్రేసాను. ముందర ఇప్పీది ఆ గుంటడే అవ్వాలని."

ఆయన పెట్టెను మంచం మీద మెల్లగా పెట్టాడు. "అయితే ఆరేళ్ళుగా ఎవులూ ఆడనేదన్నమాట."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఏదో ఒక చమత్కారం విసిరి తప్పించుకునేవాణ్ణి.

స్టేషను పెట్టె తీసుకుని పట్టీ కింద గోరు దూర్చాను. కాగితం చిరిగిన చప్పుడు పోస్టాఫీసులో ఉత్తరాల కట్టలు విప్పినప్పుడు ఎన్నోసార్లు విన్నదే. మూత తెరిస్తే పాత కొయ్య వాసన గుప్పున వచ్చింది.

"కట్టండి" అన్నాడు అసిరయ్య.

"నేనా?"

"ఆరు పెట్టెలు కొన్న మడిసి ఒక్కటి కట్టనేడా?"

కట్టాను. ఆయన కాసేపు ఓపిక పట్టాడు. "అది కప్పు బాబూ. రైలెక్కీవోల్లు కప్పు మీద నిలబడతారేటి?"

నీలవేణి నవ్వు ఆపుకుంటూ ఒక్కో ముక్కనీ కొలిచి, పాత కాలెండరు వెనకవైపు గీసుకుంది. స్టేషను తరవాత మిల్లు, మిల్లు తరవాత వంతెన వంతు. దీపస్తంభం నా చేతుల్లో రెండుసార్లు కూలింది. అప్పటికి పట్టీల బాధ మరిచిపోయి, బురుజు పట్టీ ఎవరూ అడక్కుండా నేనే చింపేశాను.

చివరికి తెప్ప. నాలుగు దుంగలు, ఇంత తాడు. ముక్క దూరే గాడీ లేదు, మేకూ లేదు. ఇది ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాలేదు.

"కళింగపట్నంలో గంగులని, జాలరోడు. ఆడి దగ్గర సూసి నేర్సుకున్నాను" అన్నాడు అసిరయ్య. "తెప్ప ఒడ్డుకొచ్చీసరికి ఆల్లు కట్లు ఇప్పెత్తారు. దుంగలు ఎండకి ఆరాలి. మర్నాడు ఏటకెల్లీముందు మళ్ళీ కడతారు. ఇప్పకుండా ఒగ్గేస్తే సెక్క నీరు పట్టేసి బరువెక్కిపోద్ది."

ఆయన ఎడంచెయ్యి గాలిలో దారి చూపిస్తుంటే నా రెండు చేతులూ ముడి వేశాయి. ఒకసారి జారింది, ఒకసారి బిగుసుకుపోయింది, మూడోసారి నిలిచింది. నీలవేణి ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, మంచం పక్కనే పెట్టి తెప్పని వదిలింది. అది కాస్త వాలి, సర్దుకుని తేలింది. ముగ్గురం పళ్ళెం వైపు వంగి చాలాసేపు చూశాం.

మూడు రోజుల్లో నీలవేణి ఆరు నమూనాలూ చేసింది. గురువారం నేను సెలవు పెట్టి విజయనగరం వెంట వెళ్ళాను. పద్మకుమారి గారు నమూనాల్ని తను చూడలేదు. తిన్నగా బాలవాడీలో పిల్లల మధ్య నేల మీద కుమ్మరించి, గోడకి చేరగిలబడి కూర్చున్నారు. పిల్లలు వంతెన కట్టారు, పడగొట్టారు, మిల్లుని స్టేషనుకి తగిలించారు. తెప్ప కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. అరగంటయ్యాక ఆవిడ లేచారు.

"అయిదు రకాలు తీసుకుంటాం. బురుజు వద్దమ్మా. దాని పైముక్క మరీ చిన్నది, పిల్లలు నోట్లో పెట్టేసుకుంటారు."

శుక్రవారం ఎల్లాజీ బండి ఖాళీగా తిరిగి వెళ్ళిందని నీలవేణి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కొత్త సిరాతో అడ్డదిడ్డంగా, ఎవరిచేతో రాయించినది.

ఇప్పుడు ఆదివారాలు నేను నరసన్నపేటలో ఉంటాను. ముక్కల అంచులకి గరుకు కాగితం పట్టే పని నాది. మొన్న నేను వెళ్ళేసరికి తండ్రీకూతుళ్ళు వాదులాడుకుంటున్నారు. బురుజు బదులు కొత్తగా బాలవాడీయే చేస్తానంటుంది నీలవేణి, పెంకుటిల్లు, ముందు వసారా. పెంకులు కొయ్యలో రావంటాడు అసిరయ్య, తాటాకు కప్పే మేలంటాడు.

"తాటాకైతే వాన కారతాది నాన్నా."

"బొమ్మింటికి వానేటే?"

"నువ్వే కదా, కప్పు నేకపోతే గుంటడు ఏడుత్తాడన్నావు."

అసిరయ్య నా వైపు తిరిగాడు, తీర్పు చెప్పమని. నాకు తీర్పు కంటే కూర్పు బాగా తెలిసింది గనక, తల వంచుకుని చేతిలో ఉన్న వంతెన ముక్కని రుద్దుతూ కూర్చున్నాను.

"సాలు బాబూ, ఆపండి" అన్నాడాయన. "ఇంకా అరగదీస్తే పక్క ముక్కతో అతకదు."