పగ పట్టిన పెరుగు

పెద్దావిడ వంటింట్లో పాలు కాచి, దించి, చల్లార్చడం ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. చిటికెన వేలు ముంచితే చురుక్కుమనకూడదు, చల్లగానూ తగలకూడదు. అప్పుడు నిన్నటి పెరుగులోంచి ఒక్క చెంచా తీసి కొత్త పాలలో కలుపుతుంది. చెంచా తడిగా ఉంటే ఒప్పుకోదు. ఆవిడే కాదు, పెరుగూ ఒప్పుకోదు. కుండలోంచి గొణుగుతుంది.

ఆ పెరుగు గొణుగుడు వీధంతా ఎరిగినదే. తనకి అపకారం చేసినవాళ్ళు వంటింటి గుమ్మం దాటితే చాలు, మూత కింద నుంచి మొదలుపెడుతుంది. కరెంటు మీటరు చూసే అతను ఎప్పుడో కుండని ఎండలోకి జరిపాడు. ఇప్పటికీ అతను వచ్చినప్పుడల్లా, "ఎండలో పెట్టాడు, ఎండలో పెట్టాడు" అంటుంది.

"తప్పయిపోయిందమ్మా, ఇంకెన్నాళ్ళు?" అంటాడతను కుండతో, అంకెలు రాసుకుంటూ.

"అది మరిచిపోదు నాయనా, నాలాగే," అంటుంది పెద్దావిడ.

నిజమే. సొంత చెల్లెలితో ఆవిడ మాట్లాడక ఏళ్ళయింది. చెల్లెలు పెరుగు ఫ్యాక్టరీ పెట్టిన రోజున, పదిమంది ముందు, "అక్క పెరుగు ఇంట్లోకి బాగానే ఉంటుంది గానీ వ్యాపారానికి పనికిరాదు" అని, ఏదో కంపెనీ పొడి తెప్పించి తోడు వేయించింది. పెద్దావిడ లేచి వచ్చేసింది. పాతవి వదిలెయ్యమని చుట్టాలు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. అలా చెప్పినవాళ్ళతో కూడా ఆవిడ మాట్లాడడం తగ్గించింది.

ఒకరోజు చెల్లెలి కూతురు వచ్చింది. ఈ పిల్లంటే పెద్దావిడకి ప్రాణం. తగువు తల్లితోనే. పిల్ల పెద్ద ల్యాబులో పనిచేస్తుంది. మనిషిలోనైనా చెట్టులోనైనా పురుగులోనైనా నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన డీఎన్ఏ అనే రాత ఒకటి ఉంటుంది, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం ఆమె పని.

"పెద్దమ్మా, ఫ్యాక్టరీలో పెరుగు తోడుకోవడం లేదు. తొట్టెలు తొట్టెలు పాలు పాలలాగే ఉండిపోతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే కొనేవాళ్ళు వేరే చోటు చూసుకుంటారు. అమ్మ మూసేస్తానంటోంది."

"తొట్టెలు కడగడం చేతకాకపోతే అంతే మరి."

"కడుగుతూనే ఉన్నారు. అది కాదు. పాలని తోడుపెట్టే బ్యాక్టీరియాని ఓ వైరస్ చంపేస్తోంది. దాని రాత చదివే పట్టుకున్నాను."

"బ్యాక్టీరియాకి కూడా జలుబు చేస్తుందటే?"

"జలుబు కాదు, ఏకంగా చావే. పొడులన్నీ మార్చి చూశాం. అన్నీ ఒకే ఇంటి పిల్లలు, అన్నీ పోయాయి. నీ పెరుగు ఓ చెంచా ఇస్తావా? దాని రాత కూడా చదువుతాను."

"చదువుకో. పుట్టి బుద్ధెరిగి నా పెరుగు ఒక్క పూట జబ్బు పడలేదు. ఆ ముక్క కూడా రాసుకో."

పిల్ల పొడి చెంచాతోనే తీసింది. కుండ ఏమీ అనలేదు.

చదవడం అయ్యాక మళ్ళీ వచ్చింది. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి గానీ మొహం వెలిగిపోతోంది.

"కోప్పడకూడదు పెద్దమ్మా. నీ పెరుగు జబ్బు పడింది. ఒకసారి కాదు, చాలాసార్లు."

పెద్దావిడ మొహం గట్టిపడింది. "ఎవరే చెప్పింది? మీ అమ్మా?"

"నీ పెరుగే చెప్పింది. వైరస్ మీద పడితే బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతుంది. ఏ కొన్నో బతుకుతాయి. ఆ బతికినవి వైరస్ రాతలోంచి చిన్న ముక్క కోసి తమ రాతలో దాచుకుంటాయి. మళ్ళీ అదే వస్తే పోల్చుకుని నరికేస్తాయి. వాటి పిల్లలకీ, పిల్లల పిల్లలకీ ఆ ముక్క వెళ్తుంది. నీ పెరుగులో అలా దాచుకున్న పగలు వరసగా ఉన్నాయి. అందులో మా ఫ్యాక్టరీ వైరస్ ముక్క కూడా ఉంది. ఎప్పటిదో ఏమో! ఆ వైరస్‌ని తెచ్చి నీ పెరుగు మీద వదిలి చూశాను. దగ్గరికి కూడా రానివ్వలేదు."

పెద్దావిడ కుండ వైపు తిరిగింది. జబ్బంటే ఎరగని పెరుగని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంది. తీరా చూస్తే ఇది దెబ్బ తిని, పోయినవి పోగా మిగిలి, కొట్టినవాణ్ణి గుర్తుపెట్టుకుని లేచిన పెరుగు. ఆవిడ నడుము నిటారైంది.

"అయితే మరిచిపోయినవన్నీ చచ్చాయన్నమాట."

"ఆ చచ్చినవి అసలు వైరస్‌ని ఎరగనే ఎరగవు పెద్దమ్మా, వాటికి గుర్తేముంటుంది?"

"ఈ మాట మన చుట్టాలందరికీ చెప్పు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ చెప్పు."

"చెప్తాలే. తోడు ఇస్తావా మరి?"

"ఇస్తాను. తీసుకెళ్ళడానికి మాత్రం మీ అమ్మే రావాలి."

చెల్లెలు వచ్చింది. స్టీలు క్యాను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కుండ వెంటనే అందుకుంది: "పనికిరానంది, పదిమందిలో అంది." చెల్లెలు తల వంచుకుంది. పెద్దావిడ పెదవి విప్పకుండా కుండలో సగం క్యానులోకి వంచింది.

ఆ తోడుతో ఫ్యాక్టరీ పాలు పేరుకున్నాయి. అంచు నుంచి అంచుకి ఎక్కడా నీరు తేలలేదు. పనివాళ్ళు ఒకర్నొకరు కౌగిలించుకున్నారు. కాకపోతే చెల్లెలు లోపల అడుగు పెట్టగానే తొట్టెలన్నీ ఒక్క గొంతుతో మొదలుపెట్టేవి: "పనికిరానంది." పనివాళ్ళు వినీ విననట్టు పని చేసుకునేవాళ్ళు. ఆమె బయటికి వెళ్ళి నిలబడేది.

చివరికి ఒక సాయంత్రం అక్క ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూలబడింది.

"ఫ్యాక్టరీ నిండా నీ గొంతే అక్కా. ఆ తిట్టేదేదో నువ్వే నేరుగా తిట్టి పారెయ్యకూడదూ?"

"తిడితే పడతావా?"

"పడతాను. నేను అనేవి కూడా ఉన్నాయి. నాన్నకి బాగాలేనప్పుడు అందరికంటే ఆఖర్న నాకు కబురు చేశావు. మరిచిపోయాననుకున్నావా?"

పెద్దావిడ ఆమెని ఎగాదిగా చూసింది. చెల్లెలి మీద ఆవిడకి గౌరవం కలగడం అదే మొదలు.

"ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నావటే?"

"చచ్చేదాకా పెట్టుకుంటాను."

"నా చెల్లెలివే," అంది పెద్దావిడ. "రా, లోపలికొచ్చి కూర్చో. ముందు నీవి చెప్పు. తర్వాత నావి."

వీధి దీపాలు వెలిగేదాకా ఇద్దరూ తిట్టుకున్నారు. కుండ నోరు మెదపలేదు.

మర్నాడు చెల్లెలు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, లోపలికొచ్చినా ఒక్క తొట్టీ ఏమీ అనలేదు. పెరుగు మాత్రం రాయిలా తోడుకుంది."

పెద్దావిడకి అనుమానం వచ్చింది.

"మరిచిపోయాయేమో, జాగ్రత్త. ఉండు, నేనొచ్చి చూస్తాను," అని చెప్పులేసుకుంది.